పలక పరీక్ష

తుంపర సరిగ్గా పడుతున్నప్పుడు కంటికి కనబడదు. ఆ కనబడని తుంపరను ఆదివారాలు తప్ప రోజూ ఆరు గంటల పాటు తయారు చేయడమే నా ఉద్యోగం.

మార్కాపురం పొలిమేరలో మూతబడిన పలకల ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి శుభ్రం చేయించి, మధ్యలో గాజు గది కట్టించి, డాక్టర్ నాగూర్‌బీ తన కేంద్రం పెట్టింది. ఆమె తండ్రి మస్తాను పలకలు కోసిన మనిషి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని నలభై ఆరేళ్ళకే పోయాడు. అప్పుడామె పదో తరగతి. ఆ తర్వాత ఎంత చదివినా ఆమె చదివింది ఆ ఒక్క దుమ్ము గురించే.

మా ఊరి చుట్టూ పలకరాయి తవ్వి వదిలేసిన గోతులున్నాయి. వాటిలో నిలిచే వాననీటిలో గోధుమరంగు నాచు పడుతుంది. ఆ నాచులో ఒక్కో కణం తన చుట్టూ గాజు పెంకు కట్టుకుంటుంది. పెంకుకు కావలసిన సరుకును రాతిలోంచే కరిగించి తీసుకుంటుంది. ఆ కరిగించే పదార్థాన్ని నాచు నుంచి వేరు చేసి, మనిషి ఊపిరికి పనికొచ్చే మందుగా మార్చడానికి నాగూర్‌బీకి పదకొండేళ్ళు పట్టింది. గాజు పాత్రలో వేస్తే అది పలకదుమ్మును మూడు వారాల్లో మాయం చేసేది. నేను కళ్ళారా చూశాను.

చిక్కంతా మందును ఊపిరితిత్తుల అడుగుకు చేర్చడంలోనే. అందుకు ఆ యంత్రం.

చూడటానికి చిన్నదే. జానెడు లోహపు కడ్డీ, దాని కొసన రూపాయి బిళ్ళంత పింగాణీ బిళ్ళ. కరెంటు ఇస్తే ఆ బిళ్ళ సెకనుకు ఇరవై లక్షల సార్లు అదురుతుంది. చెవికి ఏమీ వినబడదు. సన్నని గొట్టం గుండా మందు వచ్చి బిళ్ళ మీద పలుచగా పరుచుకుంటుంది. ఆ అదురుకు దాని మీద చిన్న చిన్న అలలు లేచి, వాటి కొసలు తెగి గాలిలో కలుస్తాయి. వేడి అక్కర్లేదు. అలా తెగిన చుక్కలు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతుంటే ఊపిరితో పాటు అడుగు దాకా పోతాయి. అంతకంటే పెద్దవైతే గొంతులో తగిలి ఆగిపోతాయి.

మందును ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచేవాడిని, చల్లగా ఉంటే సరిగ్గా పరుచుకోదు. గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకునేవాడిని, ఉంటే బిళ్ళ ఉమ్మినట్టు చిమ్ముతుంది. ముందు మందు వదిలి తర్వాతే కరెంటు ఇచ్చేవాడిని, పొడిగా అదిరితే బిళ్ళ పగులుతుంది. సాయంత్రం డిస్టిల్డ్ వాటర్‌తో కడిగేవాడిని. మా బోరు నీళ్ళు ఒక్క చుక్క తగిలినా తెల్లగా పొర కడుతుంది. మందు ఎంత రావాలో నిర్ణయించే గుండీ రెండో గీత మీద ఉండాలి. మూడు దాటితే పొర మందమై చుక్కలు లావెక్కుతాయి.

చుక్క సైజు తెలుసుకోవడానికి నాగూర్‌బీ పెట్టిన పరీక్ష చాలా సులువు. పొద్దున్నే బిళ్ళకు ఎదురుగా ఒక కొత్త పలకను నిమిషం పాటు పట్టుకోవాలి. పలక నలుపు కాస్త మసకబారితే సరి. చుక్కలు కనబడ్డాయా, తప్పు. ఫలితం పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పదహారు నెలల్లో ఒక్క రోజు కూడా నా పలక మీద చుక్క కనబడలేదు. ఆ పుస్తకంలో ఎక్కడా అబద్ధం లేదు.

కేంద్రానికి ఇరవై ఆరు మంది వచ్చేవారు. అందరూ పలకల పనిలో ఏళ్ళ తరబడి గడిపినవాళ్ళు. వాళ్ళలో నా భార్య వెంగమ్మ ఒకరు. ఆమె పద్నాలుగేళ్ళు పలకలు నున్నగా చేసే చక్రం దగ్గర కూర్చుంది. నేను బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివి ఆ ఫ్యాక్టరీలోనే మోటార్లు చూసుకునేవాడిని. మా పరిచయం అక్కడిదే. నేను ఎక్కువగా మోటారు గదిలో ఉన్నాను కాబట్టి నా ఊపిరి మిగిలింది. ఆమె చక్రం ముందు ఉంది.

నాలుగు జట్లుగా గాజు గదిలో కూర్చుని నలభై నిమిషాలు గాలి పీల్చాలి. మొదటి నెలలో అందరూ బుద్ధిగా కూర్చున్నారు. రెండో నెలలో మాటలు మొదలయ్యాయి.

"ఏంది సారూ, మిషనేశావా, ఇంకా చూసుకుంటా ఉండావా?" అని దస్తగిరి లోపలినుంచి అద్దం మీద కొట్టేవాడు. ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేసిన మనిషి. ఊపిరి సగమైనా వేళాకోళం తగ్గలేదు.

"నడుస్తోంది దస్తగిరీ."

"నడిస్తే ఏదీ? మా అన్న కూతురి పెళ్ళిలో పన్నీరు చల్లినట్టన్నా చల్లబ్బా. మొహం తడిస్తే ఇంటికి పోయి చెప్పుకుంటాం."

"కనబడకపోవడమే మంచిది. సన్నగా ఉంటేనే లోపలికి పోతుంది."

"అట్టయితే మా ఇంట్లో గూడా నడుస్తానే ఉండాదిలే, నాకూ కనబడట్లా."

అందరూ నవ్వారు, నేను కూడా. నవ్వి ఊరుకునే మాట కాదది. సగం మందికే మందు పెట్టి తక్కినవాళ్ళకు ఉత్త గాలి ఇస్తున్నారని, డాక్టర్లు అలాగే లెక్క చూస్తారని ఎవరో అన్నారు. మా దగ్గర అలాంటిదేమీ లేదు. అయినా మూడో నెలకు పది మంది రావడం మానేశారు.

ఒక ఉదయం వెంగమ్మ కూడా చెప్పులు వేసుకోలేదు. గోడకు ఆనుకుని చిక్కుడు కాయల ఈనెలు తీస్తూ కూర్చుంది.

"టైమవుతోంది," అన్నాను.

"నువ్వు పో. నేను రాను."

"ఎందుకని?"

"ఉత్తగాలికి ఆటో ఎక్కి అంత దూరం ఎందుకు? ఇక్కడుంటే కూరన్నా అవుతాది."

"నీకు నేను అబద్ధం చెబుతానా?"

"నువ్వు చెప్పవు. నీకు వాళ్ళు చెప్పారేమో." కాయలు పక్కన పెట్టింది. "ఏమయ్యా, నా వంతు నీళ్ళే అయితే చెప్పు. నేనేం అనుకోను. చెప్పకుండా కూర్చోబెట్టొద్దు."

అది కోపం కాదు. కోపమైతే నేను తట్టుకునేవాడిని. తనకు మందు లేదని ఆమె నమ్మేసింది. నమ్మి, నన్ను బాధపెట్టకుండా మానుకోవాలని చూస్తోంది.

బతిమాలి తీసుకెళ్ళాను. ఆమె జట్టు గదిలో కూర్చున్నాక గుండీ రెండు నుంచి ఐదుకు తిప్పాను. కరెంటు కూడా ఒక మెట్టు పెంచాను.

బిళ్ళ మీదినుంచి తెల్లటి పొగమంచు లేచింది. మెల్లగా గదిలో పాకింది. దస్తగిరి లేచి నిలబడి తలవంచి మొహం అందులో పెట్టాడు. హుసేనమ్మ అనే ఆవిడ కొంగుతో దాన్ని తనవైపు విసురుకుంది. వెంగమ్మ అరచేయి చాపి, మంచు వేళ్ళ మీదుగా పోతుంటే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత అద్దంలోంచి నావైపు చూసింది. ఆ చూపు కోసం నేను ఎన్ని గుండీలైనా తిప్పేవాడిని.

ఆ పూట ఇంటికొచ్చి చిక్కుడుకాయ కూరతో రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. అంత తిని చాలా నెలలైంది.

మరునాడు తక్కిన జట్లు అడిగాయి. వాళ్ళకూ తిప్పాను. పది రోజుల్లో మానేసినవాళ్ళంతా తిరిగొచ్చారు. మందు ఎక్కువైతే చెడేముంది, కొంచెం వృథా అవుతుంది అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. పొద్దున పలకకు ఎదురుగా గుండీ రెండు మీద ఉండేది. మనుషులు కూర్చోగానే ఐదుకు పోయేది. నాగూర్‌బీ ఒంగోలు ప్రయోగశాలలో మందు తయారు చేయిస్తూ, సోమవారాలు మాత్రం ఇక్కడికొచ్చేది. సోమవారాలు గుండీ రెండు మీదే ఉండేది. ఆ రోజుల్లో మంచు కనబడలేదని ఒక్కరూ అడిగేవారు కాదు. డాక్టరమ్మ ముందు మర్యాద పాటిస్తున్నారనుకున్నాను.

ఒకసారి ఆమె అడిగింది. "అన్నా, మందు ఎక్కువ ఖర్చవుతోందే?"

"మానేసినవాళ్ళంతా తిరిగొచ్చారు కదమ్మా," అన్నాను.

ఆమె నమ్మింది. చెప్పింది నేను కాబట్టి నమ్మింది.

పన్నెండో నెలకు ఇద్దరు పోయారు. పదమూడో నెలలో వెంగమ్మ పోయింది. ఆస్పత్రి మంచం మీద ఆక్సిజన్ పెట్టి ఉండగా, "మనది మంచి మందేనయ్యా. నాకే ఆలస్యమైంది," అంది. నర్సు ఒకామె నాకోసం కుర్చీ తెచ్చి మంచానికి దగ్గరగా వేసి, వార్డు టైము దాటినా లేవమనలేదు. అలాంటివి గుర్తుండిపోతాయి. తర్వాత ఇంకొకరు పోయారు. ఇరవై రెండు మంది మిగిలారు.

పదహారో నెలలో నాగూర్‌బీ అందరి గొంతుల్లోకీ సన్నని కెమెరా పంపి ఫొటోలు తీయించింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి వాటిని బల్ల మీద పరిచింది. మందుకు ఒక లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అందరి గొంతుల్లో, శ్వాసనాళం మొదట్లో ఆ పచ్చదనం దట్టంగా ఉంది. అక్కణ్ణుంచి కిందికి ఉండీ లేనట్టే ఉంది.

"చూడన్నా. ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. పాత్రలో పని చేసిన మందు మనిషిలో ఎందుకు దిగలేదో నాకు అర్థం కావట్లేదు. దానికి అంటుకునే గుణం ఉందేమో. అది నేను పదకొండేళ్ళు చూసుకోలేదేమో." కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "నీ పలక పుస్తకం మొత్తం చదివాను. చుక్క సైజు ఒక్క రోజు కూడా తప్పలేదు. కాబట్టి తప్పు మందుదే. శుక్రవారం అందరికీ చెప్పి మూసేద్దాం. మిగిలిన మందు పారబోయించి, నాచు తొట్లు ఎండబెట్టేయమంటున్నారు కేంద్రానికి డబ్బిచ్చే పైవాళ్ళు."

నాకు ఆ ఫొటోలు చూస్తున్న క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసి కూడా, "సరేనమ్మా," అని బయటికొచ్చాను.

శుక్రవారానికి మూడు రోజులున్నాయి. ఇంట్లో అన్నం వండుకున్నాను, బట్టలు ఉతుక్కున్నాను. పక్కింటి కోటేశ్వరమ్మ గోడ మీద పచ్చిపులుసు గిన్నె పెట్టి, పలకరించకుండా వెళ్ళింది. మనిషికి మాట్లాడబుద్ధి కానప్పుడు అది గ్రహించే ఇరుగు దొరకడం అదృష్టం.

ఫ్యాక్టరీ రోజులు గుర్తొచ్చాయి. చక్రాల దగ్గర లేచే దుమ్ము కనురెప్పల మీద, జుట్టులో పడేది. అందరూ దానికే భయపడేవారు. సాయంత్రం కొళాయి కింద తల కడుక్కుంటే పోయేది. మమ్మల్ని తిన్నది అది కాదు. కనబడే దుమ్ము బరువుకు కిందపడుతుంది, ముక్కులో ఆగుతుంది. కనబడనంత సన్ననిదే అడుగుకు పోయి కూర్చుంటుంది. ఈ సంగతి వెంగమ్మకు పెళ్ళైన కొత్తలో నేనే వివరించాను, కాలేజీ చదువు చూపించుకుంటూ. విషానికి వర్తించిన సూత్రం మందుకూ వర్తిస్తుందని ఆ గుండీ దగ్గర నిలబడ్డవాడికి తట్టలేదు. తట్టలేదనుకోవడం కూడా పూర్తి నిజం కాదు. తట్టిన ప్రతిసారీ ఆమె చాచిన అరచేయి గుర్తొచ్చి పక్కకు నెట్టేశాను.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. మందు చెడ్డదని తేలిపోతుంది. నాగూర్‌బీ ఓడిపోయి ఇంకేదైనా ఉద్యోగం చూసుకుంటుంది. ఇరవై రెండు మంది ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. నేను మాత్రం, మంచి మందు ఇచ్చి భార్యను దక్కించుకోలేకపోయిన మనిషిగా మిగులుతాను. ఊళ్ళో ఇప్పటికే నన్ను అలాగే చూస్తున్నారు.

శుక్రవారం షెడ్డులో బెంచీలు వేశాం. నాగూర్‌బీ నిలబడి, తన మందు పని చేయలేదని, అందరూ తనను క్షమించాలని చెప్పింది.

దస్తగిరి లేచాడు. రెండు నిమిషాలు ఊపిరి కూడదీసుకున్నాడు. "బాధపడబాక తల్లీ. మస్తాను కూతురివి, మా కోసం చెయ్యగలిగింది చేశావు. నీ తప్పేం లేదు."

ఆ మాట నామీద పడినట్టు అనిపించింది. నేను నిలబడ్డాను.

"మందు మంచిదే," అన్నాను. "పలకకు గుండీ రెండు మీద పెట్టాను. మనుషులకు ఐదు మీద పెట్టాను. పదమూడు నెలలు. చుక్కలు లావై గొంతులోనే పడిపోయాయి."

నాగూర్‌బీ నావైపు చూడలేదు. బెంచీల వైపు చూసింది. అక్కడ ఎవరూ ఆశ్చర్యపోలేదు. హుసేనమ్మ తల దించుకుంది. ఒకాయన చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"మీకు తెలుసా?" అంది ఆమె.

చివరికి దస్తగిరే చెప్పాడు. "తెలుసు తల్లీ. మన కోసం ఎక్కువ పెడుతుండాడు, డాక్టరమ్మకు తెలిస్తే ఉద్యోగం తీసేస్తాదని వెంగమ్మ అందరి దగ్గరా ఒట్టేయించుకుంది. నువ్వొచ్చే సోమవారం మేం నోరు మూసుకునేవాళ్ళం. ఎక్కువంటే మంచిదే గదా అనుకున్నాం."

నన్ను కాపాడటానికి వాళ్ళంతా పదమూడు నెలలు ఒక రహస్యం మోశారు. దాన్ని వాళ్ళతో మోయించింది వెంగమ్మ.

నాగూర్‌బీ యంత్రం దగ్గరికి నడిచింది. ఎలా తిప్పావో చూపించమంది. చూపించాను. కొత్త పలక తీసి నిమిషం పాటు పట్టుకుంది. పలక మీద నీటి చుక్కలు లేచి, ఒకదానితో ఒకటి కలిసి, గీతలుగా కిందికి కారాయి. ఆమె ఆ పలకను బల్ల మీద బోర్లా పెట్టింది.

"నువ్వు ఇక మిషను ముట్టుకోవద్దన్నా," అంది మెల్లగా. అన్నా అనడం మానలేదు. ఆ పిలుపుకు నేను తగనని తెలుసు. అయినా దక్కింది.

లెక్క చూస్తే మిగిలిన మందు తొమ్మిది మందికి సరిపోతుందని తేలింది. నేను రెండు మీద నడిపి ఉంటే అందరికీ మిగిలేది. కొత్త మందుకు సరిపడా నాచు పెరగాలంటే రెండేళ్ళు. ఎవరికివ్వాలో నాగూర్‌బీ తేల్చనంది. వాళ్ళే చీట్లు వేసుకున్నారు. హుసేనమ్మకు వచ్చింది. దస్తగిరికి రాలేదు.

ఆ సాయంత్రం అతను షెడ్డు బయట నాపరాయి మీద కూర్చుని ఉంటే పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను.

"సారూ," అన్నాడు. "మేం గోల చేసిన రోజు, నోరు మూసుకుని కూర్చోండ్రా అని ఒక్క మాట కసిరుంటే సరిపోయేది. నేను మేస్త్రీగా ఉన్నప్పుడు అట్టనే చెప్పేవాణ్ణి, అందరూ వినేవాళ్ళు. నువ్వేమో మామీద జాలి పడితివి."

"అవును."

"జాలి పడకుండా ఉండాల్సింది."

లేవడానికి చేయి చాపాడు. పట్టుకుని లేపాను.

మరుసటి వారం నుంచి నాగూర్‌బీయే యంత్రం నడిపింది. నేను బయట గేటు దగ్గర ఉండేవాడిని, ఆటోలోంచి దిగేవాళ్ళకు చేయందించడానికి. మొదటి రోజు హుసేనమ్మ గదిలోంచి వచ్చి నా ముందు ఆగింది.

"ఏమీ కనపళ్ళేదు సారూ. లోపలికి పోయిందంటావా?"

"పోయింది."

నా మొహంలోకి పరీక్షగా చూసింది. "నిజంగా పోయిందా, నా మనసు కోసం చెప్తుండావా?"

"నిజం హుసేనమ్మా."

నమ్మిందో లేదో చెప్పలేదు. మరునాడు మాత్రం వచ్చింది. ఆ పైన కూడా మానలేదు.

ఆ చీట్లు వేసిన అయిదో నెలలో దస్తగిరి పోయాడు. మట్టికి వెళ్ళాను, వెనక నిలబడ్డాను. నలభయ్యో రోజు ఫాతెహా భోజనాలకు పిలిచారు కానీ ఆ ఇంటి గడప తొక్కడానికి కాళ్ళు రాలేదు. మధ్యాహ్నం ఇంట్లో వరండాలో కూర్చుని ఉండగా హుసేనమ్మ చేతిలో గుడ్డ కట్టిన గిన్నెతో వచ్చింది. బస్టాండు నుంచి నడిచే వచ్చిందట. నాలుగు మెట్లూ ఎక్కి, గిన్నె నా చేతికిచ్చింది.

"దస్తగిరి ఇంటి కాడ అందరూ తిన్నారు సారూ, నువ్వు రాలేదని వాళ్ళ కోడలు నీ వంతు కట్టించి నా చేతికిచ్చింది, తోవలో కూరగాయలాయనతో మాటల్లో పడి నిలబడిపోయినా, చల్లారిపోయుంటాది, కాస్త వేడి చేసుకుని తిను."

ఏడాది కిందట ఆమె తన పేరు చెప్పడానికి ఒకసారి, ఊరి పేరు చెప్పడానికి ఒకసారి ఊపిరి కోసం ఆగేది. ఇప్పుడు ఇంత మాట చెప్పింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగలేదని ఆమెకు తెలియదు.

"ఏమన్నావు హుసేనమ్మా? సరిగ్గా వినబడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాను.

నాకు ప్రతి మాటా వినబడింది.

"చెవుడు గూడా వచ్చిందా నీకు," అని విసుక్కుని, ఆమె మొదటినుంచీ మళ్ళీ చెప్పింది.